కుడి చెయ్యి, ఎడమ చెయ్యి

తొమ్మిదో తరగతిలో ఆ పిల్లని అందరూ చిలక అనేవారు. ఆ పేరు పెట్టింది లెక్కల మాస్టారు. ఏ సూత్రం అడిగినా ఊపిరి తీసుకోకుండా గడగడా అప్పజెప్పేస్తుందని ముచ్చటపడి పెట్టాడు. పిల్ల కూడా ముచ్చటగానే పుచ్చుకుంది. చిలకకి తానేం పలుకుతోందో తెలియదన్న సంగతి ఆయనకీ తట్టలేదు, ఈవిడకీ తట్టలేదు.

సైన్సులో గుండె బొమ్మ వేసిందంటే పక్క సెక్షను వాళ్లు కూడా వచ్చి చూసేవారు. ఎరుపు ఒకవైపు, నీలం ఒకవైపు, గీత చెదిరితే ఒట్టు. ఓ రోజు సైన్సు టీచరు, "ఎవరి గుండె వాళ్లు పట్టుకుని చూడండి, కొట్టుకోవడం తెలుస్తుంది" అంది. బొమ్మలో గుండె ఎడమ భాగం కాగితానికి కుడివైపు ఉంటుంది కదా, చిలక తాను వేసిన ఆ బొమ్మనే నమ్ముకుని, కుడి పక్కటెముకల మీద చెయ్యేసి, అందరికంటే ముందు "తెలుస్తోందండీ!" అని అరిచింది. సోషల్ సంగతి సరేసరి. పటంలో ఉత్తరం పైన ఉంటుంది కదా, అందుకని ఉత్తరమంటే ఇంటి కప్పు వైపని చాలా ఏళ్లు అనుకుంది. పటాన్ని తీసుకెళ్లి గోడకి వేలాడదీస్తే పిల్లలు ఇంకేమనుకుంటారు లెండి! ఇక భాషా పాఠంలో పద్యమూ కంఠస్థమే, తాత్పర్యమూ కంఠస్థమే. తాత్పర్యానికి తాత్పర్యం అడిగితే మాత్రం నీళ్లు నమలాల్సిందే. ఎవరూ అడగలేదు కాబట్టి బండి నడిచిపోయింది.

ప్రతి పాఠం చివరా "అర్థమైందా?" అని ఒక ప్రశ్న వస్తుంది. "అయిందండీ" అని తరగతంతా రాగం తీస్తుంది. ఆ రాగంలో చిలక గొంతే పైన వినబడేది. పైన పటారం, లోన లొటారం అంటారే, అచ్చం అదే. పిల్లకి ఆ మాట లోపల్లోపల తెలుసు. అందుకే ఎవరైనా ఆగి ఇంకో ప్రశ్న వేస్తారేమోనని ఎప్పుడూ గుండె పీచుపీచుమంటూ ఉండేది.

ఇంట్లో మాత్రం ప్రశ్నలకి కరువు లేదు. నాన్న సిటీ బస్సు డ్రైవరు. అమ్మ ఇంట్లోనే మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. తమ్ముడు అదే బడిలో ఆరో తరగతి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు, వీడికి ప్రతిదానికీ ఎందుకో కావాలి. బస్సు ఆపితే మనం ముందుకి ఎందుకు తూలుతాం? చేతిసూదికి కన్ను వెనక చివర ఉంటే, మిషను సూదికి మొన దగ్గర ఎందుకుంది? నాన్న వాడికి ఎందుకుగాడు అని పేరు పెట్టాడు. డ్యూటీ దిగి రాగానే, "ఏరా ఎందుకుగా, ఇవాళ్టి కోటా ఎంత?" అని అడిగి మరీ కూర్చునేవాడు.

అలా ఉండగా బడికి ఇన్‌స్పెక్టర్ గారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ఆరో తరగతి టీచరమ్మ సెలవులో ఉంది. లెక్కల మాస్టారు చిలకని పిలిచాడు.

"అమ్మాయ్, ఆరో తరగతికి నువ్వెళ్లు. భిన్నాలు బాగా తోమించు. ఇంకోటి, మన చేతుల సంగతి కూడా నేర్పించు."

చేతుల సంగతంటే ఆ బడిలో పాత విద్యే. ఇన్‌స్పెక్టర్ గారు ప్రశ్న వేయగానే తరగతిలో ప్రతి ఒక్కరూ చెయ్యెత్తాలి. జవాబు వచ్చినవాళ్లు కుడి చెయ్యి, రానివాళ్లు ఎడమ చెయ్యి. మాస్టారు కుడి చెయ్యి చూసి లేపుతాడు. పెద్దాయన, 'ఆహా, రానివాడే లేడు' అనుకుని టీ తాగి వెళ్లిపోతాడు. చిలక ఏనాడూ కుడి చెయ్యే.

పిల్ల బల్ల మీద బెత్తం పెట్టుకుని టీచరయిపోయింది. "భిన్నాన్ని భిన్నంతో భాగించాలంటే రెండోదాన్ని తిరగేసి గుణించాలి. అరని పావుతో భాగిస్తే రెండు. అర్థమైందా?"

"అయిందండీ" అన్నారు పిల్లలు. మూడో బెంచీలోంచి ఒక్క తల లేచింది. తమ్ముడే.

"అక్కా..."

"ఇక్కడ అక్కేంటి? టీచర్ అను."

"టీచర్, భాగిస్తే తగ్గాలి కదా. అరని భాగిస్తే రెండు అయిందేంటి? పెరిగిందెందుకు?"

చిలక నోరు తెరిచింది. లోపల సూత్రం తప్ప ఇంకేం లేదు. ముప్ఫైమంది పిల్లలు తన మొహం కేసే చూస్తున్నారు. చెవులు వేడెక్కిపోయాయి. 'నాకూ తెలీదురా' అంటే సరిపోయేది. ఆరు అక్షరాల ముక్క, నోరు దాటలేదు. దానికి బదులు ఏమందో తెలుసా?

"అది పరీక్షలో రాదు. అందరికీ అర్థమైంది, నీకొక్కడికే కాలేదా? తనిఖీ రోజు నువ్వు మాత్రం ఎడమ చెయ్యే ఎత్తు. కూర్చో."

తరగతి గొల్లుమంది. గురివింద గింజ తన నలుపు తానెరగదంటారు గానీ, ఈ గింజకి తన నలుపు బాగానే తెలుసు. తెలిసే ఎదుటివాడికి పూసింది. ఇంటర్వెల్ గంట కొట్టేసరికి వాడికి కొత్తపేరు స్థిరపడిపోయింది. ఎడంచెయ్యి.

ఆ సాయంత్రం వాడు ఇంట్లో చాడీ చెప్పలేదు. చెప్పినా బాగుండేది, అమ్మ రెండు తిట్టేది, పాపం కొట్టుకుపోయేది. నాన్న వచ్చి, "ఏరా ఎందుకుగా, కోటా?" అన్నాడు. వాడు "ఏం లేవు నాన్నా" అని పుస్తకం తీసుకున్నాడు. మర్నాడూ అంతే. "వీడికేదైనా జ్వరమా?" అని అమ్మ నుదురు పట్టి చూసింది. చిలక తేలు కుట్టిన దొంగలా బొత్తాల డబ్బా ముందేసుకుని రంగులు వేరు చేస్తూ కూర్చుంది. ఒక్క మాట చెప్పి వాణ్ని మళ్లీ అడిగేలా చేయాలని రోజూ అనుకునేది. వాడు ఎదురుగా వస్తే మొహం చెల్లేది కాదు.

తనిఖీ రోజు వచ్చింది. ఆరో తరగతి వెనకాల చిలక నిలబడింది. ఇన్‌స్పెక్టర్ గారు మంచాయన, నవ్వుతూనే అడిగాడు. "అరని పావుతో భాగిస్తే ఎంతర్రా?"

చేతులన్నీ లేచాయి. మూడో బెంచీలో తమ్ముడిది కుడి చెయ్యి! చిలక గుండె గుభేలుమంది. ఈసారి ఎడమవైపే. మాస్టారు వాణ్నే లేపాడు.

"రెండోభిన్నాన్నితిరగేసిగుణించాలండీ జవాబు రెండండీ!"

"శభాష్! అర్థమయ్యే చెప్తున్నావా?"

"అయిందండీ" అన్నాడు వాడు రాగం తీసి. ఆ రాగం చిలకది. గొంతు పైకి లేపడం కూడా చిలకదే. అందరూ చప్పట్లు కొట్టారు. "అక్కకి తగ్గ తమ్ముడు!" అన్నాడు మాస్టారు ఇటు తిరిగి. చిలకకి తల కొట్టేసినట్టయింది. నిలబడ్డ చోటే నేల చీలితే బాగుండుననిపించింది.

ఇంట్లో అమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "ఇద్దరికిద్దరూ!" అని మెటికలు విరిచింది. ఆ మెటికలు ఒక్కొక్కటీ చిలక చెవిలో విరిగాయి. "చేతులు ఖాళీగా ఉంటే ఆ అరమీటరు రిబ్బను తీసి పావు మీటరు ముక్కలు చెయ్యవే" అంది అమ్మ. చిలక రిబ్బను మడిచింది, మడత మీద కత్తిరించింది. రెండు ముక్కలు. అరలో పావులు రెండు.

పిల్ల ఆ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. ఓసి, ఇంతేనా! భాగించడమంటే ముక్క చిన్నదవడం కాదు, ఇందులో అవి ఎన్ని పడతాయో చూడడం. ముక్కలు చిన్నవైతే ఎక్కువే పడతాయి మరి! పుట్టి బుద్ధెరిగాక ఒక పాఠం అర్థం కావడం ఆ పిల్లకి అదే మొదలు. ఒళ్లంతా తేలికైపోయింది. రెండు ముక్కలూ పట్టుకుని లోపలి గదిలోకి పరిగెత్తింది.

తమ్ముడు అటూ ఇటూ పచార్లు చేస్తూ, కళ్లు మూసుకుని ఏదో వల్లె వేస్తున్నాడు.

"ఒరేయ్, ఇటు చూడరా. ఆవేళ అడిగావే, పెరిగిందెందుకని? ఇదిగో..."

"అదా? తిరగేసి గుణించాలి. వచ్చేసిందిగా అక్కా."

"అది కాదురా, ఎందుకో చెప్తాను."

"ఎందుకైతే ఏంటక్కా, పరీక్షలో రాదుగా" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. మామూలుగానే అన్నాడు. "ఇప్పుడు నన్నెవరూ ఎడంచెయ్యి అనట్లేదు తెలుసా? చిన్నచిలకంటున్నారు."

చిలక కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. సిగ్గు ఇంత బరువుంటుందని ఏ పుస్తకంలోనూ లేదు. మంచం మీద కూలబడి, ఆవేళ ఆరో తరగతి గదిలో మింగేసిన ముక్కని ఇప్పుడు కక్కేసింది.

"నాకు అప్పుడు తెలీదురా. తెలీకే నీ నోరు మూయించాను. నాకు చాలా తెలీవు. ఏవీ తెలీవు."

వాడు బిత్తరపోయి చూశాడు. గబుక్కున దగ్గరికొచ్చి అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"గట్టిగా అనకే అక్కా! ఎవరైనా వింటే నిన్నూ ఎడంచెయ్యంటారు."

అని, అక్క పరువు కాపాడడానికి, వెళ్లి తలుపు వేసి వచ్చాడు.