కదలని తాత

"నాన్నా, కదలబాక!" అంటుంది మా అమ్మాయి, జువ్వలదిన్నె రేవులో నాకు ఎదురుగా ఫోన్ ఎత్తిపట్టుకుని. ఆ మాట వింటే చాలు, నాకు అగరొత్తుల వాసన వస్తుంది.

కోతలరాయుడినని ఊళ్ళో నాకు పేరే గానీ, ఇది కోత కాదు. నేను చెప్పబోయే ఫోటో ఇప్పటికీ మా గోడ మీదే ఉంది.

నా చిన్నప్పుడు తాత పోయాడు. బతికుండగా ఆయన ఒక్క ఫోటో అయినా తీయించుకోలేదు. "మట్టిలో పెట్టేలోగా ఆయన మొకం నాకు మిగల్చు నాయనా" అని అవ్వ మా మామయ్యను పట్టుకుని ఏడ్చింది. మామయ్య సరదాకి పడవలనీ పెళ్ళిళ్ళనీ ఫోటోలు తీసేవాడు. రీలులో ఒక్క ఫోటోకే చోటు మిగిలింది. తాతను కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ మేమంతా నిలబడ్డాం. బయట ముసురు, వసారాలో చీకటి, తాత కాళ్ళ దగ్గర అగరొత్తుల వాసన.

"వెలుతురు లేదు, శానాసేపు పట్టద్ది. ఎవురూ కదలబాకండి!" అన్నాడు మామయ్య.

అవ్వ వెక్కింది. నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. తాత ఎక్కడ కదులుతాడోనని నేను మాటిమాటికీ అటే చూశాను.

కడిగించి తెచ్చిన ఫోటోలో మేమంతా పొగలా చెదిరిపోయి ఉన్నాం. తాత ఒక్కడే మీసం వెంట్రుకలతో సహా స్పష్టంగా ఉన్నాడు.

"మామయ్యా, సచ్చిపోయింది మనమా?" అని అడిగాను. అవ్వ ఆ మీసాన్ని వేలితో తడుముతూ, "బతికినన్నాళ్ళూ కుదురు లేదు. ఈ ఒక్కసారే చెప్పినమాట విన్నాడు" అంది.

ఆ పొగలోని వాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మిగిలింది నేనే. అందుకే మా అమ్మాయి ఫోటో తీసే క్షణానికి కావాలనే కాస్త తల ఊపుతాను.

"మళ్ళీ కదిలినావు!" అని తిడుతుంది. ఆ తిట్టు వింటే ప్రాణం లేచొస్తుంది.