ఒక్క బీడీ చుట్టేంత సేపు

రాజనర్సు పగటినిద్రలోకి సముద్రం వచ్చేది. నీలంగా, చల్లగా, చప్పుడు లేకుండా. అతను మెల్లగా అడుగుకు దిగిపోయేవాడు. ఒంటికి బరువన్నది ఉండేది కాదు. ఇసుక మీద కాలు మోపబోతుండగా ఎవరో జుట్టు పట్టి పైకి లాగేవారు. నోరెండిపోయి, గుండె దడదడలాడుతూ మేలుకునేవాడు. అయినా ఆ కలంటే అతనికి ఇష్టమే.

"దుబాయికొచ్చి పద్దెనిమిదేండ్లాయె. సముద్రంల ఒక్కనాడు దిగలే. నిద్రల దిగుతున్న" అని నవ్వుతూ చెప్పేవాడు.

ఊరివాళ్లకు గల్ఫులో ఏ దేశమైనా దుబాయే. అతను సిత్రాలోని ఒక కూలీల క్యాంపులో బస్సు డ్రైవరు. మొదటి ఏడేళ్లు సిమెంటు మోసి, ఆ తర్వాత లైసెన్సు తెచ్చుకున్నాడు. తెల్లవారకముందే కూలీలను సఖీర్ దగ్గరి సైటులో దింపి, ఎనిమిదింటికి గదికొచ్చి పడుకునేవాడు. మధ్యాహ్నం మళ్లీ బస్సు. అతని గురక గోడవతలికీ వినబడేది. కష్టం చేసిన మనిషి నిద్ర అట్లాగే ఉంటుందని అందరూ మెచ్చుకునేవారు. లేచాక తలనొప్పి వస్తే ఏసీని తిట్టుకున్నాడు. బీపీ పెరిగితే ఉప్పు తగ్గించాడు. తెలిసిన పేర్లు నోటికి రాకపోతే వయసు అనుకున్నాడు. అతనికి నలభై ఆరే.

ఆ నిద్రను నిజంగా విన్నది అతని భార్య జమున ఒక్కతే. మెట్‌పల్లి దగ్గరి ఊళ్లో ఆమె బీడీలు చుడుతుంది. పడుకునేముందు అతను ఫోను కలిపి దిండు పక్కన పెడతాడు. అక్కడ ఆమె తునికాకు చాట పక్కన పెట్టుకుంటుంది. మాటలేమీ ఉండవు. అతని గురక వింటూ ఆమె వేళ్లు ఆడుతుంటాయి. అది వినబడుతున్నంతసేపూ మనిషి ఇంట్లో ఉన్నట్టే.

ఒకరోజు అతను లేవగానే ఆమె అంది.

"ఏమయ్యా, నిద్రల నీ ఊపిరి ఆగుతున్నది."

"ఆగితే నీతోని ఎట్ల మాట్లాడుతున్ననే?"

"నవ్వకు. గుర్రు ఆగినంక ఒక్క బీడీ చుట్టి, దారం గట్టి, చాటలేస్తున్న. అప్పుడు ఉలిక్కిపడి ఊపిరి తీస్తున్నవ్. ఇయ్యాల అవన్ని పక్కకు వెట్టిన. నువ్వు లేసేదాక నలభై అయినయ్."

గదిలో తోడుండే ముర్తుజా కామారెడ్డి మనిషి, స్టోరులో పని. హిందీ బాగా వస్తుందని అతనే క్లినిక్‌కు వెంట వెళ్లాడు. ఊపిరి ఎంతసేపు ఆగుతోందని డాక్టరు అడిగితే, "ఒక బీడీ చుట్టేంత, సాబ్" అన్నాడు ముర్తుజా. డాక్టరుకు అర్థం కాలేదు. జమునకు వీడియో కలిపారు. ఆమె ఆకు తీసి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టింది. డాక్టరు గడియారం చూశాడు. ముప్పై రెండు సెకన్లు. ఆయన నవ్వలేదు.

నిద్రలో గొంతు మూసుకుపోతోందన్నాడు. పడుకున్నప్పుడు కూడా గాలి అందక గుండె పరుగెత్తుతోందనీ, తలనొప్పి, బీపీ, మతిమరుపు ఆ దారినే వచ్చి ఉండొచ్చనీ, వదిలేస్తే గుండెపోటుకో పక్షవాతానికో దారి తీయొచ్చనీ చెప్పాడు. వారం తర్వాతకు నిద్ర పరీక్ష రాశాడు. అందులో జబ్బు తేలితే ముక్కుకు మాస్కు పెట్టే మిషను ఉందట. పగలు కూడా ఉన్నట్టుండి నిద్ర ముంచుకు రావచ్చు కాబట్టి అంతవరకూ బండి తోలొద్దన్నాడు.

బయటికొచ్చాక రాజనర్సు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వారం రోజులే గద, ముర్తుజా. చెప్తే తాళం ఇంకోనికిస్తరు. మల్ల నన్ను సిమెంటు కాడికే తోలుతరు."

"నేనెవ్వలకు చెప్ప, అన్నా. గని నీ పక్క సీట్ల కూసుంట."

మూడోరోజు మధ్యాహ్నం సఖీర్ నుంచి వస్తున్నారు. ఎండకు రోడ్డు నీళ్లలా కదులుతోంది. వెనక ఇరవై ఆరు మంది ఒకరి భుజం మీద ఒకరు ఒరిగి నిద్రపోతున్నారు. ఆ మెరుపు నీళ్లు అద్దం దాటి లోపలికొచ్చాయి. నీలంగా, చల్లగా. రాజనర్సు దిగిపోయాడు.

లాగింది ముర్తుజా చెయ్యి. స్టీరింగు మీద ఇద్దరి చేతులు. పక్కనున్న ఇసుకలోకి దిగిన చక్రాలు ఒక్కసారి ఎగిరి రోడ్డెక్కాయి.

"గుంతనా?" అన్నాడు వెనక నుంచి పోశన్న, కళ్లు తెరవకుండానే. కూలీల్లో ఆయనే పెద్ద.

"ఆఁ, గుంతే" అన్నాడు ముర్తుజా.

ఇంకెవరూ లేవలేదు. ఆ మాటతో సంగతి అక్కడే మాసిపోయేది.

క్యాంపు గేటు దగ్గర రాజనర్సు ఇంజను ఆపాడు. తలుపు తీయలేదు. లేచి వాళ్లవైపు తిరిగాడు.

"గది గుంత కాదు. నాకు నిద్రల ఊపిరి ఆగుతదట. బండి ముట్టొద్దని డాక్టరు మొన్ననే చెప్పిండు. దాచిపెట్టిన. ఇందాక మీతోని నేను గూడ పండుకున్న."

ఒక్కొక్కరే కళ్లు నులుముకుంటూ నిటారుగా కూర్చున్నారు.

"మేమంత పండి, నువ్వూ పండితే మరి బస్సు ఎవలు తోలిండ్రురా?" అన్నాడు పోశన్న.

"ముర్తుజా."

"వానికి సైకిలే రాదు గద."

ఎవరో నవ్వారు. ఎవరో తిట్టారు. తిట్టినవాళ్లు నిజంగానే తిట్టారు. రాజనర్సు తలొంచుకుని విన్నాడు. తర్వాత చీటీనీ తాళాన్నీ తీసుకెళ్లి ఫోర్‌మన్ బల్ల మీద పెట్టాడు.

మర్నాడు చీకట్లోనే టిఫిను డబ్బా పట్టుకుని కూలీల వరసలో నిలబడ్డాడు. అతని సీట్లో కొత్త మనిషి ఉన్నాడు. బస్సెక్కి ఎక్కడ కూర్చోవాలో తెలియక ఆగిపోయాడు.

పోశన్న కాళ్లు ముడుచుకుని చోటిచ్చాడు.

"కిటికి దిక్కు కూసో, నర్సూ. నిద్రొస్తె పండుకో. ఊపిరాగితే నేను లేపుత."