ఊఫర్ పగ

అసిరయ్యకు కోపం తేలిగ్గా వచ్చేది. పోవడం మాత్రం అంత తేలిక కాదు. శ్రీకాకుళం వైపు నుంచి మీసాలు రాకముందే జంషెడ్‌పూర్ వచ్చి, స్టీలు మిల్లులో ఫిట్టరై, బారిడీహ్‌లో క్వార్టరు సంపాదించాడు. మంచి పనిమంతుడు, ఎవరూ కాదనరు. కానీ తనను ఎవరైనా ఒక మాట అన్నారంటే దాన్ని కడుపులో దాచుకుని పెంచుకునే మనిషి. ఆ పాడు గుణమే లేకపోతే అతని గురించి చెప్పుకోవడానికి ఇంత ఉండేది కాదు.

ఎనభై రెండులో అతనికి రికార్డు ప్లేయరు పిచ్చి పట్టింది. యాంప్లిఫయరు, రెండు పెద్ద స్పీకర్లు ఊళ్ళోనే కొన్నాడు. ప్లేయరు మాత్రం భీమారావు కలకత్తా నుంచి తెచ్చిపెట్టాడు. భీమారావు అతని తోడల్లుడు, ఆ ఊరి స్టేషను టాటానగర్‌లో రైలు గార్డు. రైలు చివర గార్డు ఉండే బ్రేకువానులో తన పక్కనే పెట్టుకుని, దెబ్బ తగలకుండా తెచ్చి చేతికిచ్చాడు.

తొలి ఆదివారం చుట్టాలను భోజనాలకు పిలిచి, ముందు గదిలో ఒకే బల్ల మీద అన్నీ పక్కపక్కన పెట్టి రికార్డు వేశాడు అసిరయ్య. ముల్లు ఆనింది. పాట ఇంకా మొదలైనా కాలేదు, స్పీకర్లో అడుగునుండే పెద్ద కోను, ఊఫర్ అంటారు దాన్ని, లోపలికీ బయటికీ కొట్టుకోసాగింది. పాట మొదలయ్యాక డోలు దెబ్బలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ముద్దయ్యాయి.

భీమారావు నోరు ఊరుకోదు కదా. "అన్నియ్యా, నీ పెట్టికి ఎగూపిరి వత్తంది. డాక్టర్ని పిలమంతావేటి?" అన్నాడు.

ఇల్లంతా నవ్వింది. మామగారు నవ్వారు. వడ్డిస్తున్న సన్యాసమ్మ, కట్టుకున్న పెళ్ళాం, ఆవిడ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అసిరయ్య పైకి పళ్ళు ఇకిలించాడు గానీ లోపల కుతకుత ఉడికిపోయాడు. ఆ నోటితోనే బాగుందనిపించకపోతే తాను మనిషినే కాదనుకున్నాడు.

మర్నాటి నుంచి డ్యూటీ దిగడం, స్పీకర్ల ముందు కూలబడటం. రికార్డు మార్చాడు, కోను ఊగింది. కుడి తీగ ఎడమకు, ఎడమది కుడికి మార్చాడు, రెండు కోన్లూ ఊగాయి. ముల్లు ఎత్తాడు, టక్కున ఆగాయి. అంటే రోగం స్పీకర్లది కాదు, ముల్లు వైపు నుంచి వస్తోంది. పిల్లలు గదిలో పరిగెడితే కోను ఇంకా ఎగిరింది. ఇంతవరకూ బుద్ధిగానే నడిచాడు మహానుభావుడు.

మిల్లులో ఇన్నేళ్ళుగా అతను నమ్మిన సూత్రం ఒకటే. ఊగే మెషిన్‌ని ఫౌండేషన్‌కి బిగించాలి. ఇంకేం, గదిలో సిమెంటు దిమ్మ పోశాడు. బోల్టులు పాతాడు. ప్లేయరు కిందుండే మెత్తటి రబ్బరు కాళ్ళు పీకి పారేసి, ప్లేయర్నీ రెండు స్పీకర్లనీ ఆ ఒక్క దిమ్మకే నట్లేసి బిగించాడు. తోటి ఫిట్టర్లు వచ్చి చూసి, పనంటే ఇదీ అన్నారు. ఒక్కడికీ అనుమానం రాలేదు. అందరూ ఆ మిల్లులో ఆరితేరినవాళ్ళే.

రికార్డు వేస్తే కోను మునుపటికి రెండింతలు ఎగిరింది. గదంతా బొయ్యిమని మోగింది. ముల్లు గెంతి పాట మధ్యలోకి పోయింది.

తన బిగింపులో తప్పుంటుందని అసిరయ్యకు తోచనే లేదు. మరి తప్పెవరిది? ప్లేయరు తెచ్చినవాడిది.

"ఆడే సేసినాడే," అన్నాడు సన్యాసమ్మతో. "మంచిది ఎవుడికో అమ్మీసి, పాడైంది నాకంటగట్టినాడు. మళ్ళీ పదిమందిలో నవ్వినాడు."

"నీకు తమ్ముడిలాటోడు. ఎవులైనా ఇంటే బాగుండదు."

"ఇనాలనే సెప్తన్నాను."

అన్నంత పనీ చేశాడు. మిల్లు క్యాంటీన్లో చెప్పాడు, నది అవతల మాంగో పేట బజార్లో చెప్పాడు, బస్సులో పక్కన కూచున్నవాడికీ చెప్పాడు. భీమారావు బ్రేకువానులో సరుకు మార్చేస్తాడన్న మాట టాటానగర్ చేరింది. పైవాళ్ళు విచారించారు, ఏమీ తేలలేదు. అయినా తోటి గార్డులు అతను ఎదురైతే మాటలు ఆపేయసాగారు.

భీమారావు భార్య కస్తూరమ్మ సన్యాసమ్మకు స్వయానా చెల్లెలు. ఒక పొద్దున వచ్చి గుమ్మంలో నిలబడింది. "బావా, పొరపాటైందని ఒక్క మాట సెప్పు. ఆయన అన్నం తినడం నేదు," అంది.

అసిరయ్య దిమ్మ దగ్గర నట్టు బిగిస్తూ తలెత్తలేదు. "మీ ఆయన్ని రమ్మను. ఆ రోజు నవ్వినోడు ఈ రోజు ఏడవాల."

భీమారావు రాలేదు. మనుషుల చూపులు తట్టుకోలేక తానే అడిగి బిలాస్‌పూర్‌కి బదిలీ చేయించుకున్నాడు. వాళ్ళు రైలెక్కిన రోజున అసిరయ్య మాంసం తెచ్చి వండించుకుని, కడుపారా తిన్నాడు. అతనికి నిజంగా హాయిగా ఉంది.

తర్వాత ఇంటికి సున్నాలు వేయాల్సి వచ్చింది. గోడకు అడ్డంగా ఉందని సన్యాసమ్మ మొగుడి స్పానరుతోనే నట్లు విప్పి, ప్లేయర్ని దూరంగా మంచం మీద, నాలుగు మడతలేసిన బొంత మీద పెట్టింది. తీగలు అంతదూరం వచ్చాయి. చెడిపోయిందంటే మళ్ళీ ఎవరి కొంప కూలుస్తాడో అని, చూసుకోవడానికి ఒక రికార్డు వేసింది.

డ్యూటీ నుంచి వస్తున్న అసిరయ్యకు వీధిలోకే వినిపించింది. డోలు మీద పడ్డ ప్రతి దెబ్బా విడివిడిగా, నిండుగా. లోపలికి వచ్చి కోనుకేసి చూశాడు. దెబ్బ పడ్డప్పుడు కదిలి, మళ్ళీ కుదురుగా నిలుస్తోంది. బొంత మీద అరచెయ్యి ఆనించాడు. ఎంతైనా ఫిట్టరు, ఇట్టే అర్థమైంది. స్పీకర్ల అదురు తాను పోసిన దిమ్మలోంచి తిన్నగా ముల్లుకే పాకింది. మెత్తటిదాని మీద పెడితే అక్కడే ఆగిపోయింది. భీమారావు తెచ్చిన ప్లేయర్లో ఏ లోపమూ లేదు.

"బిలాస్‌పూర్ ఎల్దాం పద," అంది సన్యాసమ్మ. "తప్పు నాదేనని ఆడి మొకం మీద సెప్పు."

అసిరయ్య ప్లేయర్ని మంచం మీంచి ఎత్తి దిమ్మ మీద పెట్టాడు. "నట్లేవే?"

"పాత ఇనుము కొనే కబాడీవోడికి ఇచ్చీసినాను." ఆవిడ ప్లేయర్ని అతని చేతుల్లోంచి లాక్కుని మళ్ళీ బొంత మీద పెట్టింది. "ఇక్కడే ఉంటాది. మా సెల్లి ఈ గుమ్మం తొక్కిందాకా రోజూ మోగతాది. నువ్వు కూకుని ఇనాల."

ఆవిడ ఉత్తుత్తి మాటలు చెప్పే మనిషి కాదు. అతను డ్యూటీ దిగి చెప్పులు విప్పేసరికి ముల్లు ఆన్చేది, గట్టిగా పెట్టేది, ఎదురుగా కూచుని అతని ముఖమే చూసేది. రోజూ పాటలు మోగే అసిరయ్య ఇల్లు ఎంత అదృష్టం చేసుకుందోనని ఇరుగుపొరుగు ముచ్చటపడేవాళ్ళు. అతను బిలాస్‌పూర్ వెళ్ళలేదు. ఆవిడ ఒక్క రోజు కూడా మానలేదు.