దమయంతి మేడమ్ రాయించిన పేజీ

మొన్న విజయనగరంలో మా వీధి చివర ఒక లారీ ఆగింది. వాన వెలిశాక డ్రైవరు తడిసిన టార్పాలిన్ విప్పి గోడ మీద ఆరేశాడు. ఎండ తగిలేసరికి గ్రీజూ, డీజిలూ, తడి గుడ్డా కలిసిన ఘాటైన వాసన మా కిటికీ దాకా వచ్చింది. ముక్కు మూసుకోవలసిన వాసనే. నేను మాత్రం చేస్తున్న పని ఆపి అక్కడే నిలబడిపోయాను. నాకు అది సాలూరు వాసన, దమయంతి మేడమ్ ఆఫీసు వాసన.

లారీల ఊరైన సాలూరులో మేడమ్‌ది ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసు. భర్త పక్షవాతంతో మంచాన పడ్డాక ఆవిడే వచ్చి ఆయన కుర్చీలో కూర్చున్నారు. పొడవైన మనిషి, వీధి చివరికి వినిపించే గొంతు. డిగ్రీ పాసై, వేరే ఉద్యోగం దొరక్క, నేను అక్కడ కంప్యూటర్ ఆపరేటరుగా చేరాను. ఏ బండి ఏ సరుకుతో ఎక్కడికి వెళ్లిందో ఒక సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడం నా పని. అది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దాన్ని ఏ కంపెనీ అమ్మదు. ఎక్కడెక్కడివాళ్లో కలిసి తయారుచేసి, ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు అని ఇంటర్నెట్‌లో పెట్టేశారు. దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలను డాక్యుమెంటేషన్ అంటారు. అవన్నీ ఇంగ్లీషులోనే ఉండేవి.

ఒక ఉదయం కొత్త వెర్షన్ వచ్చిందని ఆ పేజీ చూసుకుంటూ అప్‌డేట్ చేశాను. తెరిచి చూస్తే బండ్ల వివరాలు ఒక్కటీ లేవు. రాయపూర్ దారిలో ఉన్నవీ, విశాఖ నుంచి తిరిగొస్తున్నవీ, అన్నీ మాయం. ఉద్యోగం పోయిందనే అనుకుని ఏడ్చేశాను. మేడమ్ వచ్చి నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

“ఏడుపాపు. ఆ పేజీలో ఏటి రాసేడో సదువు. నువ్వేటి సేసేవో సెప్పు.”

ఒక్కో వాక్యం చదివి, నేను చేసింది చూపించాను.

“రాసినట్టే సేసేవు గదే! ముందు ఓ కాపీ తీసి దాసుకోమని ఎక్కడ సెప్పేడు?”

“ఎక్కడా చెప్పలేదు మేడమ్.”

“మరి నువ్వెందుకు ఏడుస్తన్నావు?”

ఆ రోజంతా ఆవిడ ఒక్కో డ్రైవరుకీ ఫోన్ చేసి వివరాలు చెప్పించుకుంటుంటే నేను మళ్లీ ఎక్కించాను. సరుకు పంపిన వర్తకులు గుమ్మంలో నిలబడి కేకలేశారు. ఊరికే వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ తీసి పారేయమని పక్క ఆఫీసు ఆయన సలహా ఇచ్చాడు. మేడమ్ అందరికీ తనే జవాబు చెప్పి పంపి, సాయంత్రం నన్ను పిలిచారు.

“రోడ్డు మీద గోతిలో టైరు దిగబడిందనుకో. పైకొచ్చినాక డ్రైవరేటి సేస్తాడు? ఓ సెట్టుకొమ్మ ఇరిసి ఆ గోతిలో నిలబెట్టి మరీ ఎల్తాడు, ఎనకొచ్చే బండి సూసుకుంటాదని. నువ్వూ అదే సెయ్. ఆ పేజీ ఎవరైనా బాగుసెయ్యొచ్చని నువ్వే సెప్పేవు గదా.”

“నా ఇంగ్లీషు అంతంతమాత్రం మేడమ్. వాళ్లు నవ్వుతారేమో.”

“నవ్వనీ. నవ్వాలంటే ముందు సదవాలి గదా.”

ముందు కాపీ తీసుకోమని ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాసి పంపాను. ఆ పేజీలు చూసుకునే ఆవిడ ఏదో దూరదేశం నుంచి జవాబిచ్చింది. నా వ్యాకరణం సరిచేసి, కాపీ ఏ చోట దాచాలో కూడా రాయమని అడిగింది. రాశాను. కొన్నాళ్లకి నా వాక్యాలు ఆ పేజీలో కనిపించాయి. మేడమ్ బయట బండ్ల దగ్గరున్నవాళ్లందరినీ లోపలికి పిలిచి తెర చూపించి, టీ తెప్పించారు. తర్వాత నా వైపు తిరిగి, “బాగున్నాది. మరి మనోళ్లు సదువుకోడానికేటీ లేదు. తెలుగులో రాయ్,” అన్నారు.

రాసింది సరిగ్గా ఉందో లేదో చూడడానికి సింహాచలాన్ని కూర్చోబెట్టారు. ఆయన మా సీనియర్ డ్రైవరు. పేపరు మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా చదువుతాడు గానీ కంప్యూటరు ముట్టుకోలేదు. పాడైనా పరవాలేని పాత కంప్యూటరు ముందు ఆయనా, వెనక నోరు మూసుకుని నేనూ. ‘తగిన ఫోల్డరును ఎంచుకోండి’ అన్న చోట ఆయన వేలు ఆగిపోయింది.

“తగినదంటే ఏది పాపా? ఇక్కడ బోల్డున్నాయి.”

నేను చెప్పబోయాను. మేడమ్ చెయ్యెత్తి ఆపారు. “ఆ పేజీతోపాటు నువ్వూ ఊరూరికీ ఎల్తావేటి?”

సింహాచలం ఏదో నొక్కాడు, అంతా కలగాపులగమైపోయింది. “తప్పయిపోనాది అమ్మగోరూ,” అంటూ లేవబోయాడు.

“కూకో. నీ తప్పేటీ లేదు. ఆ వాక్యం నీసేత తప్పు సేయించినాది.”

ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు తిరగరాశానో! ఆయన వేలు ఎక్కడా ఆగకుండా చివరిదాకా వెళ్లిన రోజున మేడమ్ కంటే ఆయనే ఎక్కువ పొంగిపోయాడు.

కాపీ తీసి దాచుకోవడాన్ని చెప్పే ‘బ్యాకప్’ అన్న మాట దగ్గర మరో చిక్కు వచ్చింది. మేడమ్ లారీకి ఉండే అదనపు టైరును తలుచుకుని, ‘బండికి స్టెప్నీ ఎలాగో మీ వివరాలకు బ్యాకప్ అలాగ’ అని రాయించారు. ఆ ప్రాజెక్టులో తెలుగు పేజీలు పరిశీలించే, నగరంలో ఉండే ఒకాయన స్టెప్నీ తీసేసి ‘దత్తాంశ భద్రప్రతి’ అని రాయమన్నారు. నేను సరేననబోయాను.

“ఆయనతో దెబ్బలాడకు. ఇది ఎవరు సదువుతారో మర్యాదగా సెప్పు,” అన్నారు మేడమ్.

చెప్పాను. మర్నాడే ఆయన తన మాట వెనక్కి తీసుకుని, స్టెప్నీ వాక్యం అలాగే ఉంచి పేజీని ప్రచురించారు. కింద రాసినవారి పేర్లలో మేడమ్ తన పేరు కంటే ముందు సింహాచలం పేరు వేయించారు. ఆయన టీ కొట్టులో ఫోన్ పట్టుకుని అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ చూపించాడు.

ఒకరోజు పాతపట్నం నుంచి ఫోన్ వచ్చింది. అక్కడొక చిన్న ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కంప్యూటరు పిడుగుపాటుకి కాలిపోయిందట. మా పేజీ చదివి ముందే కాపీ తీసుకోవడం వల్ల వివరాలన్నీ మిగిలాయట. రాసినవాళ్లతో మాట్లాడాలని ఆ ఆఫీసు యజమాని వాకబు చేసి మరీ నంబరు సంపాదించాడు. మేడమ్ స్పీకరు పెట్టి, “మా సుజాత రాసినాది బాబూ, మా ఆఫీసు పిల్లే!” అని గట్టిగా అన్నారు. ఆ గొంతులో ఉన్నంత గర్వం నా డిగ్రీ చేతికొచ్చినప్పుడు కూడా ఎవరి గొంతులోనూ వినలేదు.

ఆ పేజీయే నాకు బతుకుదారి చూపింది. ఇవాళ నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ రాయడం. ఆ పాత ప్రాజెక్టు తెలుగు పేజీల బాధ్యత కూడా నాదే. మేడమ్ నిరుడు కన్నుమూశారు.

ఈమధ్య ఒకాయన రాశాడు: “మీ పేజీ నాకు అర్థం కాలేదు. నేను పెద్దగా చదువుకోలేదు లెండి, క్షమించండి.” ఆయనకు వెంటనే ఫోన్ చేశాను. పేజీ తెరిచి పైకి చదవమన్నాను. మధ్యలో ఒకచోట ఆయన గొంతు తడబడింది. అక్కడ ఆపి, అంతవరకూ ఏమి అర్థమైందో చెప్పమని అడిగాను. ఆయన జంకుతూ మొదలుపెట్టి, కాసేపటికి ధైర్యంగా చెప్పుకుపోయాడు. నేను అడ్డుపడకుండా విన్నాను. అలా వినడం నాకు దమయంతి మేడమ్ నేర్పారు.