సాంచాలు ఆపిన మధ్యాహ్నం

సిరిసిల్లలో మా ఇంట్లో ఎవరికీ మెల్లగా మాట్లాడటం రాదు. ఇంటి వెనకే షెడ్డు, అందులో మరమగ్గాలు. మేం వాటిని సాంచాలు అంటాం. అవి నడుస్తుంటే చెవి దగ్గర అరిచినా వినబడదు. అందుకని షెడ్డులో పెదవులతోనే మాట్లాడుకుంటాం. మా ఆయన ఆ మూలన పెదవులు కదిపితే ఈ మూలన నాకు అర్థమవుతుంది. పోగు తెగింది, నూలు కండెలు అయిపోయినయి, చాయ పెట్టు. పెళ్లయినప్పటి నుంచి మేమిద్దరం మాట్లాడుకున్నదాంట్లో సగం ఇట్లా చప్పుడు లేకుండా మాట్లాడుకున్నదే. అందులో ముచ్చట అనదగ్గది ఒక్కటీ ఉండేది కాదు, అంతా పనే.

మొన్నటి వానాకాలంలో ఆయనకు నిద్ర కరువైంది. అయినదానికీ కానిదానికీ చిరాకుపడేవాడు. నేను మాత్రం ఊరుకునే మనిషినా, ఒకటికి రెండు అనేదాన్ని. ఒకరోజు సాంచె దగ్గర కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాడు. అప్పుడు నా నోరు మూతబడింది. చూపించుకుంటే బీపీ బాగా పెరిగిందన్నారు.

"మందులు నేనిస్త గని నిద్ర నేనియ్యలేను. కొన్ని రోజులు పని బందు పెట్టు. ఎటన్న పో, నలుగుట్ల నవ్వు," అంది డాక్టరమ్మ.

ఆయన బుద్ధిగా తలూపాడు. ఇంటికి రాగానే నేరుగా షెడ్డులోకి పోయాడు.

అదృష్టం బాగుండి ఆ వారమే నూలు రావడం ఆలస్యమైంది. సాంచాలు ఆగాయి. ఇదే అదను అని ఆయన్ని బయల్దేరదీసి, జగిత్యాలలో ఉన్న మా అక్క ఇంటికి తీసుకుపోయాను. అక్కడ అక్క, బావ ఇద్దరే ఉంటారు.

గడప దాటగానే ఆయన "వదినె, మంచినీళ్లియ్యి!" అన్నాడు. మామూలుగానే అన్నాడు, అంటే షెడ్డులో అన్నట్టు. పక్కింటావిడ కొట్లాట అయితోందనుకుని బయటికొచ్చి చూసింది.

"మరిది, మేం ఈన్నే ఉన్నం. గంతగనం ఒర్రకు," అని నవ్వింది అక్క.

ఆమె నవ్వులాటకే అన్నది. ఆయనకు మాత్రం సిగ్గు ముంచుకొచ్చి, ఆ తర్వాత నోరు విప్పడమే మానేశాడు. ఊళ్లోని కోట చూపిస్తానని బావ తీసుకుపోతే, లోపలికి పోయినట్టే పోయి తిరిగొచ్చారు. పడుకోమంటే పక్కమీద వెల్లకిలా పడి ఫ్యాను చప్పుడు వింటూ, "దీని బేరింగ్ పోయింది," అని నాకు మాత్రం వినబడేట్టు అన్నాడు. తెల్లారి ఎర్రబడ్డ కళ్లతో లేచి, ఊరికి బస్సెప్పుడని అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. సెలవు కూడా ఈ మనిషికి అచ్చిరాదా అనిపించింది.

ఆ పూట వాన పట్టుకుంది. బస్టాండు దాకా కూడా పోలేం. బావ అటక మీది నుంచి పేకముక్కలు దించాడు. బావది కోరుట్ల. చుట్టాల పెళ్లిళ్లలో పెళ్లికొడుకు కంటే ముందు బావ కోసం వెతుకుతారు, ముక్కలు పంచే చెయ్యి అట్లాంటిది. జంటలుగా తురుపు ఆడదామన్నాడు. వాళ్లిద్దరూ ఒక జంట, మేమిద్దరం ఒక జంట. ఎదురెదురుగా కూర్చున్నాం.

మొదటి ఆటలో ఏం వేయాలో తోచక మా ఆయన వైపు చూశాను. ఆయన పెదవులు కదిలాయి. ఇస్పేటు రాజు ఉన్నదా?

ఉన్నదని నా పెదవులు వాటంతట అవే చెప్పేశాయి. చెప్పాక గానీ చేసిన పని తెలియలేదు. ఇద్దరం చప్పున తలలు దించుకున్నాం. ఆట మాదే. ఆ తర్వాతిదీ మాదే. కోరుట్ల బావకు చెమటలు పట్టాయి. మా ఆయన చేతిలో ఏమున్నదో నాకూ, నా చేతిలో ఏమున్నదో ఆయనకూ అద్దంలో చూసినట్టు తెలుస్తోంది.

చివరికి అక్క పట్టేసింది.

"ఆగుండ్రి! మీరు మాట్లాడుకుంటున్నరు!"

"ఏందక్కా, ఏమన్న ఇనబడ్డదా నీకు?" అన్నాను అమాయకంగా.

"గదే చెప్తున్న. నోర్లు ఆడుతున్నయి గని సప్పుడు అస్తలేదు!"

లేచి తువ్వాల తెచ్చి మా ఆయన మూతికి కట్టేసింది. ఆయన మెల్లగా కుడిచేతి రెండు వేళ్లు లేపి కత్తెరలాగా ఆడించాడు. షెడ్డులో దానికి పోగు తెగిందని అర్థం. అంటే చేతిలో ఒక్క పనికొచ్చే ముక్క కూడా లేదన్నమాట! నాకు నవ్వు ఆగలేదు. నన్ను చూసి తువ్వాల వెనక ఆయన మొదలుపెట్టాడు. భుజాలు ఊగిపోయాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, తువ్వాల ఊడి ఒళ్లో పడింది. షెడ్డు నవ్వే అది, వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. ఈసారి ఎవరూ మెల్లగా అనలేదు.

ఆ సాయంత్రం గోడకు ఆనుకున్నవాడు ఆనుకున్నట్టే నిద్రపోయాడు. చేతిలో ముక్కలు కూడా వదల్లేదు. చప్పుడవుతోందని అక్క ఫ్యాను ఆపబోతే, అది ఆగితే లేస్తాడని చెయ్యి పట్టుకుని ఆపాను.

సిరిసిల్లకు వచ్చేటప్పుడు బావ ఆ పేకముక్కలు మా సంచిలో వేశాడు. మేం వచ్చేసరికి నూలు కూడా వచ్చి ఉంది. సాంచాలు మొదలయ్యాయి. పెదవుల మీదికి మళ్లీ పాత మాటలే వచ్చాయి. పోగు, కండె, చాయ. రోజులు గడిచేకొద్దీ ఆయన కళ్ల కింద మళ్లీ నలుపు తేలింది. సంచిలో ముక్కల సంగతి గుర్తుచేద్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చి, చిరాకుపడతాడేమోనని మింగేశాను. పొద్దు ఉండగా సాంచాలు ఆపిన మనిషి కాడాయన. కరెంటు పోవాలి, లేదా నూలు అయిపోవాలి.

ఒక మధ్యాహ్నం కండెలు అందిస్తూ తలెత్తితే ఆ మూల నుంచి నన్నే చూస్తున్నాడు. రెండు వేళ్లు లేపి ఆడించాడు. పోగు తెగినట్టుందని అటు అడుగేశాను. అక్కడే ఉండమని తల అడ్డంగా ఊపాడు. పెదవులు మెల్లగా కదిలాయి.

ఇస్పేటు రాజు ఉన్నదా?

నా చేతిలో ఉన్నవి కండెలు. ఉన్నదన్నాను.

ఆయన చెయ్యి చాచి స్విచ్చులన్నీ వరసగా ఆపేశాడు. సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. షెడ్డంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో, ఎదురుగానే ఉన్న నాతో, వాడకట్టంతా వినబడేట్టు అరిచాడు.

"మరి ముక్కలు తే!"