హోరు తీసేశాక

గౌలిపురలో నేను పని కోసం అద్దెకు తీసుకున్న గది ఒకప్పుడు బర్రెల కొట్టం. ఇంటి పెద్దావిడ ఆ సంగతి మొదటి రోజే చెప్పేసింది.

"బర్రెలు పోయినంక గోడలకు సున్నం కొట్టించినం, కరెంటు పెట్టించినం. వాన పడితే జర వాసనొస్తది. నీకు ఫికర్ లేదంటే తీస్కో బిడ్డా" అంది.

వాసనతో నాకు పేచీ లేదు. నాకు కావలసింది చప్పుడు లేని చోటు. సైదాబాద్‌లో మా ఇల్లు మెయిన్ రోడ్డు మీద ఉంది. నాన్న ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి, సొంత ఊరి అలవాటు కొద్దీ గాలి బాగా రావాలని పెద్ద పెద్ద కిటికీలు పెట్టించి కట్టిన ఇల్లు. గాలితో పాటు బస్సులు, హారన్లు, ఎదురుగా ఫంక్షన్ హాలు బ్యాండు కూడా లోపలికి వచ్చేవి. నేను చేసేది ఫోన్లలో వినే పిల్లల కథలకు సంగీతం కూర్చే పని. ఒక్క చిటికె రికార్డు చేయాలన్నా రోడ్డు ఊరుకోవాలి.

ఈ గదికి రాతి గోడలు. కింద పెద్ద పెద్ద బండలు, బర్రెల కాళ్ల కింద అరిగి అక్కడక్కడ పళ్లెంలా గుంటలు పడ్డాయి. తలుపు మూస్తే గల్లీ మాయమైపోయేది. పొద్దున వచ్చి, దీపాలు పెట్టే వేళకు ఇంటికి వెళ్లిపోయేదాన్ని.

ఆ ఏడాది ఒక కథల వరుసకు పాత వీడియో గేముల్లో వినిపించే సంగీతం కావాలన్నారు. కంప్యూటర్లో దానికి నకలు చేయొచ్చు కానీ నాకు అసలుదే కావాలనిపించింది. జుమ్మేరాత్ బజార్‌లో పాత ఫోన్ల కుప్ప కింద ఒక గేమ్ మిషన్ దొరికింది. రెండు చేతుల్లో పట్టుకుని ఆడేది, ఇటుకంత బరువు, పచ్చటి తెర, నాలుగు మీటలు. దాంట్లో పెట్టుకుని రాగాలు కట్టుకునే క్యాసెట్టు ఒకటి తెప్పించుకున్నాను. రాగం బాగానే పలికింది. కానీ దాని వెనకాలే ఈగల గుంపు లాంటి హోరు. తెర వెలుగుతున్నంతసేపూ ఆ హోరు ఉంటుంది.

దాన్ని తీసేసే దారి ఒకటుంది. ఆ మిషన్లో శబ్దం చిప్పులో పుట్టి, వాల్యూమ్ చక్రం దాటి, ఒక చిన్న యాంప్లిఫయరులో పెద్దదై హెడ్‌ఫోన్ రంధ్రానికి వస్తుంది. మురికంతా చేరేది ఆ చివరి దారిలోనే. చక్రానికి ముందే రెండు సన్నటి తీగలు టంకం పెట్టి, వేరే రంధ్రం నుంచి బయటికి తీసుకుంటే శబ్దం శుభ్రంగా వస్తుంది. మధ్యలో ఒక్కో తీగకు ఒక కెపాసిటర్ పెట్టాలి. నా డబ్బాలో చింతగింజంత బిళ్ల కెపాసిటర్లు ఉంటే అవే పెట్టాను. మిషన్ అంచున చిన్న చిల్లి చేసి కొత్త రంధ్రం బిగించాను. హెడ్‌ఫోన్లు నేరుగా పెడితే వినపడదు కాబట్టి బయట నా యాంప్లిఫయరుకు కలిపాను.

హోరు పోయింది. సగం రాగం కట్టి ఆపేసరికి చెవుల్లో నిజంగా ఏమీ లేదు. ఎంత లేదో చూద్దామని యాంప్లిఫయరును బాగా పెంచాను. అప్పుడు వినపడింది.

ఏదో నలుగుతున్నట్టు, తడిగా, నిదానంగా. గర్... గర్... కొంతసేపు సాగి, ఆగి, ఏదో మింగినట్టయి, మళ్లీ మొదలవుతోంది. దాని కింద అప్పుడప్పుడు నేల మీద బరువు మారుతున్న చప్పుడు. మూడు గట్టివి, ఒకటి తేలిక. మళ్లీ మూడు గట్టివి, ఒకటి తేలిక.

టంకం సరిగ్గా పట్టలేదేమో అనుకున్నాను. మళ్లీ పెట్టాను. బ్యాటరీలు మార్చాను. ఫోను తీసుకెళ్లి ఆరుబయట పెట్టి వచ్చాను. అది అలాగే నములుతోంది. స్క్రూడ్రైవర్ కొసతో లోపలి భాగాలను ఒక్కొక్కటే తట్టుకుంటూ పోతే, బిళ్ల కెపాసిటర్ దగ్గర చెవుల్లో గంట కొట్టినట్టు మోగింది. అప్పుడు అర్థమైంది. ఆ రకం బిళ్లలకు ఒక గుణం ఉంది. వాటిని కదిపితే ఆ కదలికను కరెంటుగా మార్చేస్తాయి. అంటే నేను తెలియక ఆ మిషన్‌ను మైకుగా చేశాను. బల్ల అదురును అది వింటోంది.

కారణం దొరికాక మనసు కుదుటపడాలి. నాకు అలా కాలేదు. బల్ల ఊరికే అదరదు. మిషన్‌ను తీసి బండల మీద పెట్టాను. చప్పుడు ఒక్కసారిగా దగ్గరికొచ్చింది. నా వెనక నిలబడి నములుతున్నంత దగ్గర. తిరిగి చూశాను. సున్నపు గోడ, నా సంచి, నీళ్ల సీసా.

పెద్దావిడ చిన్న కొడుకు ఫలక్‌నుమాలో మోటార్లకు తీగ చుట్టే షాపులో పనిచేస్తాడు. మర్నాడు మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు పిలిచి వినిపించాను. అతను హెడ్‌ఫోన్లు పెట్టుకుని కాసేపు విని, వెళ్లి ఇంటి మెయిన్ బంద్ చేసి వచ్చాడు. మిషన్, యాంప్లిఫయరు బ్యాటరీల మీదే నడుస్తున్నాయి. చప్పుడు ఆగలేదు.

"మోటర్ గాదక్కా. కింద పాత నల్లా పైపు పోయింది. నీళ్లు రానప్పుడు అండ్ల గాలి ఆడుతది. గదే."

"గాలి ఇంత లెక్కగా ఆడుతుందా?"

"మరేంది? గీ బండల కింద ఇంకేముంటది?" అని నవ్వాడు. కానీ హెడ్‌ఫోన్లు నాకు ఇవ్వకుండా బల్ల మీద పెట్టేసి, చెప్పులు వేసుకుని తొందరగా వెళ్లిపోయాడు.

ఆ మాట ఇంట్లో అన్నట్టున్నాడు. సాయంత్రం కాకముందే పెద్దావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. డెబ్బై దాటిన మనిషి, నిటారుగా నడుస్తుంది. వేళ్ల కణుపులు మాత్రం ఉబ్బి వంకర్లు పోయాయి.

"ఏందో ఇనపడ్తుందట గదా. నాకు పెట్టు."

హెడ్‌ఫోన్లు పెట్టాను. ఆమె కళ్లు మూసుకోలేదు, మొహం మారలేదు. గోడ వైపు చూస్తూ నిలబడింది. కాసేపటికి మెల్లగా బండల మీద కూర్చుంది.

"కుంటిది" అంది.

"ఏది పెద్దమ్మా?"

"మా ఆఖరు పాడి బర్రె. ఎనక కాలు సక్కగ లేకుండె దానికి. మూడు కాళ్ల మీద నిలవడి, గా కాలు ఊకె ఆనిస్తది. ఇను."

మూడు గట్టివి, ఒకటి తేలిక. ఆ లెక్క నేను ఎవరికీ చెప్పలేదు. కొడుకుకు కూడా.

ఆమె నాకు చెప్పింది. మేత దొరకడం కష్టమై, పేడ మీద గల్లీలో లొల్లి ఎక్కువై, భర్త పోయాక కొడుకులు బర్రెలన్నిటినీ ఒకేసారి అమ్మేశారు. వ్యాను మాపటి పాలు పిండే వేళకు ముందే వచ్చింది. డ్రైవరు ఆగనన్నాడు. మిగిలినవి వట్టిపోయినవే, పాలిచ్చేది కుంటిదొక్కటే. దాన్ని పిండకుండానే ఎక్కించారు.

"పాలు చేపుకొచ్చి పొదుగు రాయి లెక్క ఉండె. గల్లీ మలుపు దాక ఒర్రుకుంటనే పోయింది. పిండకపోతే ఎంత నొస్తదో నీకు తెల్వదు బిడ్డా."

అప్పుడు ఆమె హెడ్‌ఫోన్లను చెవికి గట్టిగా అదుముకుంది.

"ఇప్పుడు గూడ గట్లనే ఉంది. చూస్తున్నవా, కుదురుగ నిలవడ్తలేదు. పిండే యాళ్ల అయింది దానికి."

నాకు భయం ఆ క్షణాన పుట్టింది. చప్పుడుకు కాదు, ఆమె అంత మామూలుగా చెప్పినందుకు. మిషన్ ఆపేద్దామని చెయ్యి చాచాను. "ఉండనియ్" అంది. లేచి ఇంట్లోకి వెళ్లి, పాతకాలపు ఇత్తడి చెంబొకటి, గిన్నెలో నీళ్లు తెచ్చింది. బండల మీద నీళ్లు చిలకరించింది. గొంతుకూర్చుని చెంబును మోకాళ్ల మధ్య ఇరికించుకుని, నన్ను హెడ్‌ఫోన్లు తన చెవులకు పెట్టమంది.

నా దగ్గర రెండో జత ఉంది. పెట్టుకోకుండా ఉండాల్సింది అని అప్పుడప్పుడు అనుకుంటాను. పెట్టుకున్నాను.

ఆమె చేతులు గాలిలో లేచి, ఏదో పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి. ఒకటి కిందికి, తర్వాత ఇంకొకటి. అంత ఉబ్బిన వేళ్లు ఎక్కడా తడబడలేదు. పెదవులతో "ఇస్... ఇస్..." అని సన్నగా ఊరడిస్తోంది. నా చెవుల్లో కాళ్ల చప్పుడు ఆగింది. నమలడం ఆగింది. తర్వాత సుర్రుమని ఒక సన్నటి ధార ఇత్తడి మీద మోగింది. మళ్లీ ఒకటి. మళ్లీ ఒకటి.

నేను శబ్దాలతో బతికే మనిషిని. ఖాళీ పాత్రలో ధార పడితే అది ఖంగుమంటుంది. నిండే కొద్దీ ఆ మోత అణిగి, చివరికి నురగలో పడ్డట్టు మెత్తబడుతుంది. నా కళ్ల ముందు చెంబు అడుగు పొడిగా మెరుస్తోంది. చెవుల్లో మాత్రం అది నిండుతోంది. ఖంగుమనే మోత పోయింది. ధార నురగలో పడుతోంది. ఆమె గాజుల చప్పుడు కావచ్చు, మోకాళ్లు బండలకు రాసుకోవడం కావచ్చు అని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

చివరికి ఆమె చేతులు ఆగాయి. హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది. చెంబును రెండు చేతులతో, బరువును ఎత్తినట్టు జాగ్రత్తగా ఎత్తింది. కొంగు కప్పి, తొణకకుండా నడుచుకుంటూ ఇంట్లోకి వెళ్లింది. నా చెవుల్లో మళ్లీ నెమరు మొదలైంది. ఈసారి తీరిగ్గా.

ఆ రాత్రి ఇంట్లో అమ్మకు చెబుదామనుకుని చెప్పలేదు. చెప్తే గది ఖాళీ చేయమంటుంది. మర్నాడు వెళ్లాలా వద్దా అని ఆటో ఎక్కేదాకా తేల్చుకోలేకపోయాను. పని ఇచ్చినవాళ్లు ఫోను చేస్తున్నారు, రాగాలు సగంలో ఉన్నాయి. వెళ్లాను. పెద్దావిడ గది ఊడ్చి ఉంచింది. మాపటేళకు చెంబుతో వచ్చింది.

అలా చాలా రోజులు సాగింది. పొద్దున నేను రాగాలు కట్టుకునేదాన్ని. ఆమె వచ్చే వేళకు మిషన్ తీసి కింద పెట్టేదాన్ని. రెండో జత హెడ్‌ఫోన్లు మళ్లీ పెట్టుకోలేదు. అది నమిలేటప్పుడు ఆ చప్పుడును ఒకసారి రికార్డు చేశాను. సైదాబాద్‌లో వింటే రోడ్డు రొదలో అది ఏ చప్పుడైనా కావచ్చనిపించింది, పైపులో గాలి అన్నా నమ్మొచ్చు. పిండే వేళ మాత్రం రికార్డు చేయలేదు. ఒకరు తమ పని చేసుకుంటుంటే మైకు పెట్టడం బాగోదనిపించింది. చెంబులోకి మళ్లీ తొంగి చూడలేదు కూడా.

కొడుకు ఒకరోజు నన్ను గల్లీలో ఆపాడు.

"అమ్మ ఏం జేస్తుందక్కా ఆడ?"

"కూర్చుంటుంది. వింటుంది."

"పొద్దుగాల లేస్తే చేతులు నొస్తయంటుంది. ఎన్నడు లేంది నవ్వుతుంది గూడ." గొంతు తగ్గించి అడిగాడు. "పైపే గదా అది?"

"పైపే అయ్యుంటుంది" అన్నాను. అతనికి ఆ జవాబే కావాలి. నాక్కూడా.

తర్వాత ఒక మాపటేళ ఆమె చేతులు మామూలు కంటే ముందే ఆగిపోయాయి. రెండు మూడుసార్లు ప్రయత్నించి చూసి, అరచేతులు చీరకు తుడుచుకుంది.

"వట్టిపోయింది బిడ్డా. ఇగ పిండేది లేదు. దాని నొప్పి పోయింది."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఖాళీ చెంబును ఒంటి చేత్తో, తేలిగ్గా ఊపుకుంటూ తీసుకెళ్లింది.

మరుసటి రోజు నెమరు వినిపించింది కానీ దూరంగా, గోడకు అవతల ఉన్నట్టు. ఆ తర్వాత అదీ లేదు. మిషన్ చెడిపోయిందేమోనని స్క్రూడ్రైవర్‌తో తట్టి చూశాను. బిళ్ల మోగింది. బండల మీద నేను నడిస్తే నా అడుగులు వినిపించాయి. గల్లీలో ఆటో పోతే ఆ అదురు వినిపించింది. పైపు అక్కడే ఉంది, నీళ్లు ఎప్పటిలాగే వచ్చి పోతున్నాయి. మూడు గట్టి చప్పుళ్లు, ఒక తేలిక చప్పుడు మాత్రం రాలేదు. భయపడ్డదాన్నే, రెండు రోజులు పని మానేసి దాని కోసం ఎదురుచూశాను.

ఆ తర్వాత బిళ్లలు ఊడదీసి, కదలికలను పట్టని వేరే రకం కెపాసిటర్లు తెచ్చి పెట్టాను. రాగాలు పూర్తయ్యాయి. ఇంత శుభ్రంగా ఎలా వచ్చిందని పని ఇచ్చినవాళ్లు అడిగారు. నేను తీగల సంగతి చెప్పాను.

పెద్దావిడ ఇన్ని రోజుల్లో నా సంగీతం ఒక్కసారి కూడా వినలేదు. ఒకరోజు ఎండలో కూర్చుని బియ్యం ఏరుతుంటే నేనే వెళ్లి, వింటావా పెద్దమ్మా అని అడిగాను. చేట పక్కన పెట్టి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. కుందేలు గెంతే రాగం పెట్టాను. చివరిదాకా విని, ఆగాక కూడా ఇంకాసేపు చెవులు రిక్కించి కూర్చుంది.

"మస్తు సాఫ్ ఉంది బిడ్డా. అండ్ల ఎవ్వలు లేరు" అంది.

హెడ్‌ఫోన్లు నా చేతికిచ్చి, చేట ఒళ్లోకి లాక్కుని, రాళ్లు ఏరడంలో పడింది.