పింగ్ నాలుగు

దెయ్యాల కబుర్లంటే నాకు చిన్నప్పట్నుంచీ నవ్వులాటే. చదివింది బీఎస్సీ కంప్యూటర్స్. రాజోలులో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. ఏదైనా వింతగా జరిగిందంటే ముందు వైరు ఊడిందేమో చూడమనే రకం. అందుకే ఇది రాయాలంటే ఇన్నాళ్లూ మొహమాటపడ్డాను.

మా ఆయన అప్పట్లో మస్కట్‌లో ఏసీ మెకానిక్. పెళ్లయిన కొద్ది రోజులకే వెళ్లిపోయేరు. ఫోన్లో మాట్లాడాలంటే ఇద్దరికీ బిడియం. "బాగున్నారా, తిన్నారా" అయ్యాక ఏం మాట్లాడాలో తోచేది కాదు.

ఆయనకి కంప్యూటర్లో తుపాకుల ఆటంటే ప్రాణం. సెంటర్‌కి బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్తలో నేనూ అందులో చేరేను. శుక్రవారం ఆయనకి సెలవు. మధ్యాహ్నం బ్యాచ్ వెళ్లిపోయేక ఆడుకునేవాళ్లం. మాట్లాడుకోవడం చేతకాని మాకు ఒకర్నొకరు కాల్చుకోవడం మాత్రం బాగా కుదిరింది.

ఆ ఆట నడిపే సర్వరు సింగపూర్‌లో ఉండేది. స్కోరు పట్టీలో ఒక్కొక్కరి పేరు పక్కన పింగ్ అని ఒక అంకె కనబడుతుంది. మనం నొక్కింది సర్వరు దాకా వెళ్లి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో సెకనులో వెయ్యో వంతుల లెక్కన అది చెబుతుంది. ఎంత తక్కువుంటే అంత మేలు. నాది ఎప్పుడూ వంద దాటే ఉండేది. ఆయనది మూడొందల పైమాటే.

దాంతో ఆయన నడుస్తూ నడుస్తూ బిగుసుకుపోయి, ఉన్నట్టుండి గోడ అవతల తేలేవారు. నేను గురి చూసి కాలిస్తే, ఆయన అప్పటికే వదిలేసిన చోట తగిలేది తూటా. జనం ఎక్కువై సర్వరు మీద బరువు పడితే ఇక అందరం మోకాలిలోతు బురదలో పరిగెడుతున్నట్టే.

ఆ శుక్రవారం కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద మోడెమ్, నా సిస్టమ్ మాత్రమే నడుస్తున్నాయి. సెంటర్ యజమాని శ్రీనివాస్ గారు పక్క బల్ల దగ్గర కీబోర్డు విప్పి దులుపుతున్నారు. నేను ఆట తెరిచేసరికే మా ఆయన పేరుంది. ఇంకెవరూ లేరు.

ముందు నడక చూసి ఆశ్చర్యపోయాను. ఎక్కడా తడబడట్లేదు, ఎగరట్లేదు. తిన్నగా వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. కాల్చేను. పడలేదు. మళ్లీ కాల్చేను. ఊహూఁ. తిరిగి నన్ను కాల్చనూ లేదు. పట్టీ తెరిస్తే ఆయన పేరు పక్కన నాలుగు అనుంది.

"శ్రీనివాస్ గారూ, ఒకసారి ఇది చూడండి."

ఆయన లేచొచ్చి కళ్లజోడు సర్దుకుని చూసేరు. "నాలుగేంటండీ! సర్వరున్న గదిలో కూర్చుని ఆడితే తప్ప అంత తక్కువ రాదు. మన ఊళ్లో ఎవరైనా ఆ పేరు పెట్టుకున్నా మీకొచ్చినంతే రావాలి కదా."

ఆయన మాట్లాడుతుండగానే తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట పడింది. 'ఫోన్ చెయ్యి.'

చేసేను. మోగింది గానీ ఎత్తలేదు. మళ్లీ చేసినా అంతే. తెర మీద మాత్రం బొమ్మ కదలకుండా నిలబడే ఉంది. ఆయనతో ఒకే గదిలో ఉండే సఖినేటిపల్లి సత్యం గారికి చేసేను. ఆయన కూరగాయలకని బజారుకొచ్చేరట.

"ఆయ్, చెప్పమ్మా."

"ఆయన ఫోనెత్తట్లేదు అన్నయ్యగారూ. ఆటలో మాత్రం కనబడుతున్నారు."

"ఆటేంటమ్మా? మా బిల్డింగులో పొద్దున్నుంచీ నెట్ లేదు కదా."

"ఒకసారి గదికెళ్లి చూడండి అన్నయ్యగారూ, మీకు పుణ్యముంటుంది" అన్నాను.

ఫోన్ పెట్టేసి చూసేసరికి తెర మీద నేనొక్కదాన్నే ఉన్నాను.

మా ఆయన బాత్‌రూములో జారి పడ్డారు. తలకి దెబ్బ తగిలి స్పృహ లేదు. సత్యం గారు తలుపు పగలగొట్టి, ఆస్పత్రికి తీసుకెళ్లేరు. రక్తం చాలా పోయిందట. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు అన్నారట. గదిలో కంప్యూటర్ ఆపేసే ఉంది, దాని మీద తువ్వాలు ఆరేసి ఉందని సత్యం గారు నాకు తర్వాత చెప్పేరు.

ఆ పేరుతో ఎవరైనా ఆడి ఉండొచ్చంటారు శ్రీనివాస్ గారు. పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, నిజమే. ఆ మనిషికి తెలుగూ వచ్చి ఉండొచ్చు. సర్వరు పాడైతే అంకెలు తప్పు చూపిస్తాయి, తూటాలు తగలవు, అదీ నిజమే. ఒక్కొక్కటీ విడిగా ఒప్పుకుంటాను. అన్నీ ఆ పూటే, ఆ మాటతోనే ఎలా కలిశాయన్న దగ్గరే ఆగిపోతాను.

సెలవుకి వచ్చినప్పుడు మా ఆయనకి మొత్తం చెప్పేను. ఆయనకి ఏమీ గుర్తు లేదు. జారడం కూడా గుర్తు లేదు. సెంటర్‌కి తీసుకెళ్లి పక్కపక్క సిస్టమ్‌ల మీద అదే సర్వర్లో ఆడి చూసేం. ఇద్దరి పింగూ వంద కంటే కిందకి దిగనే లేదు.

ఇంటికొస్తుంటే దారిలో అడిగేరు. "ఇంతకీ ఆ రోజు నేను ఎలా ఆడేను?"

"ఒక్కసారి కూడా కాల్చలేదండీ. ఊరికే నిలబడ్డారు."

తల అడ్డంగా ఊపేరు. "నువ్వు ఎదురుగా దొరికితే నేను కాల్చకుండా ఉంటానా? అయితే అది నేను కాదు."

నవ్వొచ్చింది. మరి ఎవరని ఆయన్నే ఎదురడిగేను.